‘కానీ’ దగ్గర తెగిన లైను

మాస్టారింట్లో ఇంటర్నెట్టుకు జబ్బు చేసింది. మామూలు జబ్బు కాదు, వేళ చూసుకుని వచ్చే జబ్బు. ఇంటిల్లిపాదీ హాల్లో కూర్చుని కబుర్లాడుకున్నంతసేపూ నిక్షేపంలా ఉంటుంది. కోడలు తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుందా, ఇక దానికి మూర్ఛలు మొదలు.

కోడలిది దుబాసీ పని. ఆసుపత్రుల్లో డాక్టరుది ఒక భాష, రోగిది మరో భాష అయినప్పుడు ఆ అమ్మాయి ఇంట్లోంచే తెర మీద ప్రత్యక్షమై ఇటు మాటలటూ, అటు మాటలిటూ చేరవేస్తుంది. కొత్త ఉద్యోగం, ఇంకా పరీక్షకాలంలోనే ఉంది. అది దొరకడానికే తల ప్రాణం తోకకొచ్చింది. అంతకుముందున్న పని మానేసి అత్తగారి మంచం పక్కన కూర్చున్న కాలం ఉందే, దాన్ని ఉద్యోగాలిచ్చేవాళ్ళందరూ ‘ఖాళీ’ అన్నారు. “ఈ మధ్యలో ఖాళీగా ఉన్నారేం?” అని అడిగిన ప్రతివాడికీ కోడలు ఏదో ఒకటి సర్దిచెప్పుకుని వచ్చేది. ఆ ఖాళీలో ఏం జరిగిందో పక్కగదిలోంచి చూసినవారు మాస్టారు. మందు గ్లాసు కడిగి బోర్లించిన చప్పుడు ఇప్పటికీ ఆయన చెవుల్లో ఉంది. భార్య పోయాక ఆ అమ్మాయి రుణం ఎలా తీర్చుకోవాలో తెలియక, కనీసం ఆమె పనికి అడ్డు రాకుండా ఉందామనుకున్నారు. ఇంట్లో మిగతా ఇద్దరూ, కొడుకూ మాస్టారి అక్కా, అలాగే అనుకున్నారు. ఇంతమంది మంచివాళ్ళు ఒకే కప్పు కింద ఉండటం ఆ ఇంటి అదృష్టమని చుట్టాలు చెప్పుకునేవారు.

ఆ వారం మొదట్లోనే పెద్ద చిక్కు వచ్చిపడింది. కడుపులో గడ్డతో వచ్చిన ఒక పెద్దమనిషికి డాక్టరు రిపోర్టు చదివి చెబుతున్నాడు. కోడలు ఆ మాట రోగికి అందిస్తూ, “గడ్డ ఉన్నమాట నిజమేనటండీ, కానీ” అంది. అంతే, తెర బిగుసుకుపోయింది. ‘కానీ’ తర్వాత రావలసింది ‘భయపడాల్సిందేమీ లేదట’ అన్న ముక్క. అది ఆమె నోట్లోనే ఉండిపోయింది. మళ్ళీ లైను కలిసేసరికి ఆ పెద్దమనిషి కుర్చీలో లేడు. నేల మీద కూలబడి ఉన్నాడు, నర్సు మొహాన నీళ్ళు చల్లుతోంది.

ఆ సాయంత్రం సూపర్‌వైజరమ్మ ఫోన్ చేసింది. “మీ పని నాకు నచ్చింది. మీ గొంతులో కంగారుండదు. కానీ శుక్రవారం నేనే కూర్చుని వింటాను. ఆ రోజు కూడా మధ్యలో తెగిపోయిందంటే మిమ్మల్ని ఉంచుకోమని పైవాళ్ళకి చెప్పలేను.” కోడలు ఫోన్ పెట్టేసి, అందరికీ అన్నం వడ్డించి, ఏమీ జరగనట్టే కూర్చుంది. ఆ నిబ్బరం చూసి మాస్టారికి ముద్ద దిగలేదు. ఆసుపత్రి వరండాల్లో డాక్టర్ల నోట ‘కానీ’ విన్న మనిషి ఆయన. ఆ మాటకూ తర్వాతి మాటకూ మధ్య ఎంత దూరం ఉంటుందో ఆయనకు తెలుసు.

అప్పట్నుంచీ ఇల్లంతా వైద్యులే.

కొడుకు ఇళ్ళ ప్లాన్లు గీస్తాడు. వెనకగదిలో కూర్చుని, గీసినవి ఇంటర్నెట్టులోనే పంపుతాడు. అతని అనుమానం గోడల మీద పడింది. “నాన్నా, ఈ గోడ మందం చూశారా? దీంట్లోంచి తరంగం ఏం దూరుతుంది?”

కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారికి తరంగాలంటే సొంత పిల్లలతో సమానం. “దూరుతుందిరా. కాస్త నీరసపడుతుంది, అంతే. ఈ పాఠం నీకు నేనే చెప్పాను.”

“అందుకేనేమో సరిగ్గా గుర్తులేదు.”

“మీ ఇద్దరి చదువులూ ఏట్లో కలపండి,” అంది మాస్టారి అక్క. ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి దిగిపోయింది. ఉద్యోగం వదిలింది గానీ గొంతు వదల్లేదు, అందుకే ఇంటా బయటా ఆవిడ్ని చాటుగా మేట్రన్ అంటారు. “ముందా చేపల తొట్టి తీయండి. నీళ్ళంటే దానికి పడదని ఎక్కడో విన్నాను.”

చేపల తొట్టి బాల్కనీలోకి వెళ్ళింది. వెలుతురు తగిలి చేపలు హుషారయ్యాయి. ఆ ఒక్కటే లాభం. ఇంటర్నెట్టు పెట్టె మెట్ల కింద నుంచి బీరువా మీదకెక్కి, బీరువా మీద నుంచి కిటికీలోకి దూకి, కిటికీలోంచి మళ్ళీ మెట్ల కిందికే వచ్చింది. తీర్థయాత్ర చేసొచ్చిన మనిషిలా బుద్ధి మాత్రం మార్చుకోలేదు.

ఆఖరికి మాస్టారు ఇంటర్నెట్టు కంపెనీకి ఫోన్ చేశారు. అవతలి అమ్మాయి గొంతు ఎంత అలిసిపోయిందో అంత మర్యాదగా ఉంది. “సార్, పెట్టె ఒకసారి ఆఫ్ చేసి, కాసేపాగి ఆన్ చెయ్యండి. చాలామందికి దాంతోనే సర్దుకుంటుంది.” ఫోన్ పెట్టేముందు “జాగ్రత్త సార్” అని కూడా అంది. అది ఆమె పాఠంలో ఉన్న మాట కాదని మాస్టారు గమనించారు. పెట్టె ఆఫ్ చేశారు, ఆగారు, ఆన్ చేశారు. దీపాలు ఒకదాని వెంట ఒకటి వెలిగి, చివరికి పచ్చదీపం నిలబడింది. ఇంత చిన్న మందుతో పోయేదానికా ఇంత హడావిడి అనుకున్నారు. అప్పట్నుంచీ కోడలి గొంతు హఠాత్తుగా ఆగినట్టు వినిపిస్తే చాలు, చప్పుడు కాకుండా వెళ్ళి ఆ మందు వేసి వచ్చేవారు. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి అదేమంత ఘనకార్యం?

చెబుదామన్నా కుదిరేది కాదు. కోడలు పనిలో ఉన్నంతసేపూ ఆమె గది తలుపుకు ఎర్రరిబ్బను కట్టి ఉంటుంది. రిబ్బను ఉంటే ఇంట్లో మాట ఉండకూడదు, మిక్సీ తిరగకూడదు, చెప్పులు చప్పుడు చెయ్యకూడదు. ఈ కట్టుబాటు కోడలు పెట్టింది కాదు, మిగతా ముగ్గురూ ఆమె మీది ప్రేమకొద్దీ పెట్టుకున్నది. రిబ్బను కట్టగానే ఇల్లు దొంగలుపడ్డ ఇల్లులా అయ్యేది. అందరూ మునివేళ్ళ మీదే నడిచేవారు.

గురువారం కంపెనీ మెకానిక్కు వచ్చాడు. నిచ్చెనెక్కి, దిగి, తీగలన్నీ పట్టి చూశాడు. అతనున్న పూటంతా లైను పిసరంత కదల్లేదు. కోడలికి సెలవు, రిబ్బను లేదు. అందరూ పెట్టె చుట్టూ చేరి అతనికి సలహాలిచ్చారు. అతను తన ఫోన్‌లో ఏదో చూసుకుని తల గోక్కున్నాడు.

“మీ ఇంట్లో మాటిమాటికీ కరెంటు పోతుందా సార్? పెట్టె అస్తమానం మొదట్నుంచీ మొదలవుతున్నట్టు చూపిస్తోంది.”

“మా ఇంట్లో కరెంటు పోవడమేంటి బాబూ!” అంది మేట్రన్, తన వార్డులో నల్లులున్నాయా అని అడిగినట్టు.

మాస్టారు నోరు తెరవబోయారు. తను అప్పుడప్పుడూ ఆఫ్ చేస్తున్నమాట చెబితే బాగుండునేమో. ఎప్పుడో అవసరానికి వేసే మందును జబ్బు ఖాతాలో రాయించడం దేనికని ఊరుకున్నారు. కొడుకూ ఏదో అనబోయి దగ్గాడు. మేట్రన్ చీరకొంగు సర్దుకుంది. ముగ్గురి మొహాల్లోనూ ఒకే రకం వినయం కనిపించింది. పాపం మెకానిక్కు అది గుర్తుపట్టలేకపోయాడు. ప్లగ్గు వదులుగా ఉండి ఉంటుందని తీర్మానించి, దాన్ని మార్చి, “ఇక బంగారంలా నడుస్తుంది సార్” అని వెళ్ళిపోయాడు. సాయంత్రం కోడలు సరిచూసుకుందామని రిబ్బను కట్టి కూర్చుంది. ఆ బంగారం ఆమె పేరు చెప్పేలోపే కరిగిపోయింది.

శుక్రవారం పొద్దున కోడలు ఇస్త్రీ చీర కట్టుకుని, జుట్టు బిగించి, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గదిలోకి వెళ్తూ గుమ్మంలో ఆగింది. “మావయ్యా, ఇవాళ తెగితే తెగింది. మీరేం బాధపడకండి. ఇంకోటి చూసుకుంటాను.” ఆ అమ్మాయి తనని ఓదార్చి వెళ్ళడం మాస్టారికి చెంపదెబ్బలా తగిలింది. తలుపు మూసుకుంది. ఎర్రరిబ్బను ఊగి ఆగింది.

మాస్టారు ముక్కాలి పీట తెచ్చుకుని మెట్ల కింద, చెప్పుల అల్మరా పక్కన కూర్చున్నారు. ఇన్నాళ్ళూ జబ్బు వచ్చాక పరిగెత్తారు గానీ, వచ్చేటప్పుడు దాని మొహం ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు. ఇవాళ రెప్ప వాల్చకుండా చూడాలి. ల్యాబులో పిల్లలకు చెప్పిన మాటే అది: ముందు చూడండి, తర్వాత ముట్టుకోండి. పచ్చదీపం కదలకుండా వెలుగుతోంది. గోడవతల కోడలి గొంతు సన్నగా, తొట్రుపాటు లేకుండా సాగుతోంది. ఎవరిదో మోచేయి, ఎవరిదో పసిపాప జ్వరం.

దీపం నారింజరంగుకు తిరిగింది.

చూడండి, తర్వాత ముట్టుకోండి అన్న సూత్రం ఎటు పోయిందో గాని, మాస్టారి చెయ్యి దానంతటదే స్విచ్చు మీదికి పోయింది. అదే క్షణంలో కుడివైపు నుంచి ఇంకో చెయ్యి వచ్చి ఆయన చేతిని తాకింది. మోకాళ్ళకు పట్టీలు బిగించుకుని, చెప్పుల్లేకుండా, మేట్రన్!

“నువ్వేంట్రా ఇక్కడ?” అంది గుసగుసగా.

“నువ్వేంటక్కా?”

“నా మోకాళ్ళ వ్యాయామం క్లాసు ఆగిపోయింది. తెరలో నేర్పే పిల్ల కాలు పైకెత్తి అలాగే ఉండిపోయింది. నేనెంతసేపు ఎత్తుకుని నిలబడను? ఒక్కసారి ఆఫ్ చేసి వేస్తే సరి.”

“నీకెవరు చెప్పారు ఆఫ్ చెయ్యమని?”

“కంపెనీ పిల్లే. ఎప్పుడో ఫోన్ చేశాను. ఎంత మర్యాదైన పిల్లో, జాగ్రత్తమ్మా అంది.”

మాస్టారు ఆ మాట ఇంకా మింగుతుండగానే వెనకగది తలుపు పిల్లి అడుగులంత మెల్లగా తెరుచుకుంది. కొడుకు ఒంటికాలి మీద గెంతినట్టు వచ్చి, స్విచ్చుకేసి చెయ్యి చాపి, అక్కడ అప్పటికే రెండు చేతులుండటం చూసి కొయ్యబారిపోయాడు.

“నువ్వు కూడానా?” అన్నారు మాస్టారు.

“అంటే నాన్నా... ప్లాను సగం వెళ్ళి ఆగింది. అప్పుడప్పుడూ... మరీ తప్పనిసరైతేనే...”

“రోజుకెన్ని తప్పనిసర్లురా?”

మెట్ల కింద ముగ్గురూ తేలుకుట్టిన దొంగల్లా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంతలో ఎవరూ ముట్టుకోని ఆ పెట్టె మీద నారింజదీపం రెండు గుటకలు వేసినట్టు మిణుకుమని, దానంతటదే పచ్చబడింది. గోడవతల కోడలి గొంతు, తెగిన చోటు నుంచే, “...రాత్రి ఎన్నిసార్లు తాగించారు?” అని అందుకుంది.

మాస్టారు పీట మీద కూలబడ్డారు. ముడి విడిపోవడానికి ఆయనకు ఆట్టే సేపు పట్టలేదు. పెట్టెకు ఎప్పుడో ఒక చిన్న వెక్కిలి వస్తుంది. కాస్త ఓపికపడితే దానంతటదే పోతుంది. ఓపికపట్టడానికి ఈ ఇంట్లో ఎవరికీ మనసొప్పదు. వెక్కిలి రాగానే అక్క వచ్చి పీక నొక్కుతుంది. పెట్టె పాపం కళ్ళు తెరుచుకుంటూ దీపాలు ఒక్కొక్కటే వెలిగించుకుంటుంటే, అది బిగుసుకుపోయిందనుకుని కొడుకు వచ్చి మళ్ళీ నొక్కుతాడు. ఇంకా కోడలి గొంతు వినబడలేదని చివరికి తను వచ్చి నొక్కుతారు. వెక్కిలితో పోయేది అరగంట మూర్ఛ అవుతుంది. ఒకరి అడుగుల చప్పుడు ఒకరికి వినపడదు, ఎర్రరిబ్బను మీద అంత భక్తి. అక్క అడ్డొచ్చింది గనక సరిపోయింది గాని, ఇన్నేళ్ళ ల్యాబు అనుభవం ఉండీ ఇవాళ కూడా నొక్కేవారే.

“అయితే ఇన్నాళ్ళూ జబ్బు...” అన్నాడు కొడుకు.

“మనమేరా,” అన్నారు మాస్టారు.

“ఆ గడ్డ ఆయన,” అంది మేట్రన్. “ఆ రోజు నేనే మొదట నొక్కింది. వార్డులో జన్మంతా గడిపినదాన్ని.” ఆవిడ మెట్టు మీద కూర్చుంది. మాస్టారు ఆవిడ భుజం మీద చెయ్యి వేశారు.

సరిగ్గా అప్పుడే దీపం మళ్ళీ రంగు మారింది.

ఈసారి వెక్కిలి తొందరగా పోలేదు. గోడవతల గొంతు ఆగింది. తర్వాత కోడలు, ఎవరికి వినపడుతుందో తెలియని చీకట్లోకి అన్నట్టు, “ఉన్నానండీ... ఇక్కడే ఉన్నాను...” అంటోంది. అటువైపు సూపర్‌వైజరమ్మ. మధ్యలో ఏ రోగి ఏ మాట దగ్గర వేలాడుతున్నాడో.

“నొక్కనా?” అన్నాడు కొడుకు.

“ఒద్దు.”

“నిజంగానే పాడైతేనో?”

మాస్టారు చూసింది ఒక్కసారే. ఒక్కసారి చూసినదాన్ని సిద్ధాంతం అనొద్దని ఆయనే పిల్లల మార్కులు కోసేవారు. ఇప్పుడు తన కోడలి ఉద్యోగం ఆ ఒక్కసారి మీద పెట్టాలి. నొక్కితే ఏదో ఒకటి చేశామన్న తృప్తి ఉంటుంది. నొక్కకపోతే, పోయినది తన చేతులారా పోయినట్టే. మేట్రన్ తమ్ముడి మణికట్టు పట్టుకుంది. పట్టుకున్నది ఆపడానికో, నాడి చూడటానికో ఆవిడకే తెలియలేదు. కొడుకు రెండు చేతులూ చంకల్లో దాచుకుని గోడకు తిరిగి నిలబడ్డాడు. ముగ్గురు మనుషులు ఏమీ చెయ్యకుండా ఉండటానికి చెమటలు కక్కారు.

దీపం నారింజగానే ఉంది. ఉంది. ఇంకా ఉంది.

పచ్చబడింది.

“...వినపడుతోందా? ఆ, చెప్పండి డాక్టర్‌గారూ.” కోడలి గొంతులో ఆవగింజంత కంగారు లేదు. మెట్ల కింద మేట్రన్ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మధ్యాహ్నం తలుపు తెరుచుకుంది. కోడలు రిబ్బను విప్పుతూ, “సోమవారం నుంచి ఖాయం మావయ్యా,” అంది. అక్కడే గుమ్మానికి ఆనుకుంది. “మధ్యలో ఒకసారి బొమ్మ ఆగింది. ఇక అయిపోయాననుకున్నాను. తనంతట తనే వచ్చేసింది. ఆపరేషను మాట కూడా పూర్తిచేశాను. ఆవిడ ఏమందో తెలుసా? లైను ఊగినా మీరు ఊగలేదు అంది. ఇంతకీ ఇవాళ పెట్టెకేం చేశారు మీరు?”

కొడుకు పైకప్పుకేసి చూశాడు. మేట్రన్ మోకాలిపట్టీ మళ్ళీ బిగించుకుంది.

“ఏమీ చెయ్యలేదమ్మా,” అన్నారు మాస్టారు.

అది అచ్చమైన నిజం. అక్కడితో ఆపితే వినయంగా కూడా ఉండేది. కోడలు అప్పటికే కృతజ్ఞతగా నవ్వబోతోంది. ఆ నవ్వు పూర్తిగా విచ్చుకుంటే ఇక చెప్పలేనని మాస్టారికి అర్థమైంది. గబగబా చెప్పేశారు. ముగ్గురి సంగతీ, స్విచ్చు సంగతీ, మెకానిక్కు అడిగినప్పుడు నోరు మెదపని సంగతీ. అక్క కాలితో తొక్కుతున్నా ఆపలేదు.

కోడలి మొహం ఎర్రబడటం మాస్టారు మొదటిసారి చూశారు.

“ముగ్గురూనా?” అంది. తర్వాత ఇల్లదిరేలా అరిచింది. “ఒక మనిషి నేల మీద పడిపోయాడు తెలుసా! ఆఫ్ చేసేముందు ఒక్క కేక వెయ్యడానికేం మావయ్యా? పెద్దత్తయ్యా, వార్డంతా దద్దరిల్లించే గొంతు ఏమైంది మీకు? నువ్వు, నా గది గోడ ఎంత మందమో టేపు పెట్టి కొలిచావే, తలుపు తట్టి చెప్పలేవా?”

“నువ్వు పనిలో ఉన్నావని...” అన్నాడు భర్త.

“నేను పనిలో ఉంటే మీరు మూగవాళ్ళయిపోవాలా? ఎవరు అడిగారు మిమ్మల్ని ఇంత మంచిగా ఉండమని?”

రిబ్బను నేలకేసి కొట్టి లోపలికి వెళ్ళి ధడాలున తలుపు వేసుకుంది. ముగ్గురూ తలలు వంచుకుని నిలబడ్డారు. మాస్టారి మొహంలో మాత్రం సిగ్గుతోపాటు ఇంకేదో ఉంది. భార్య పోయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో అందరూ ఆయనతో పగిలే గ్లాసుతో మాట్లాడినట్టే మాట్లాడుతూ వచ్చారు. చాలాకాలానికి ఎవరో తనని సొంతమనిషిని తిట్టినట్టు తిట్టారు. ఆయనకు ఆకలేసింది.

సాయంత్రానికి కోపం దిగి, కోడలు కొత్త కట్టుబాటు పెట్టింది. ఎవరు దేన్ని ముట్టుకోబోయినా ముందు అందరికీ వినపడేలా అరిచి చెప్పాలి. అది అమల్లోకి రావడానికి ఆట్టే సేపు పట్టలేదు.

“పెద్ద ప్లాను పంపుతున్నా! ఎవరికైనా అభ్యంతరమా?” అని వెనకగదిలోంచి కొడుకు.

“నాకుంది! నా క్లాసవనీ!”

“ఇంకా ఎంతసేపత్తా?”

“నా మోకాళ్ళనడుగు!”

“మీ అందరి గొంతులూ వీధి చివరిదాకా వెళ్తున్నాయి!” అని కోడలు, అందరికంటే గట్టిగా. తర్వాత, “మావయ్యా, మీరేం అరవట్లేదేం? ఎక్కడున్నారు?”

తన గదిలో, కిటికీ దగ్గర పడక్కుర్చీలో కాళ్ళు చాపుకున్న మాస్టారు గొంతు సవరించుకున్నారు. క్లాసుల్లో కూడా ఎన్నడూ గొంతు పెంచని మనిషి, పావురాలు ఎగిరిపోయేలా కేక వేశారు.

“ఇక్కడే ఉన్నా! ఏమీ చెయ్యట్లేదు!”